కట్టు మనదే, మరమే మనది కాదు

"అది మన మాట కాదు. నేను చెప్పను."

హుస్సేన్ సాగర్ నడిమధ్యలో, బుద్ధుడి దగ్గరికి వెళ్లే లాంచీలో కూర్చుని మా పదేళ్ల పిల్ల తేల్చేసింది. సెలవులయ్యి మెల్‌బోర్న్ వెళ్లగానే క్లాసులో ప్రతి పిల్లా తన ఇంటి భాషలోంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట ఒకటి పట్టుకొచ్చి దాని కథ చెప్పాలి. నేను నెల ముందే ఖాయం చేసి పెట్టాను, కాటమరాన్ అని, అదో రకం పడవ. తెరచాపలూ, సముద్రమూ, మాటే దర్జాగా ఉంటుంది కదా.

చిక్కల్లా అది తెలుగు కాదు. నాకు తెలుసు. అయినా "మన మాటే" అని చెప్పాను.

"కట్టు అంటే తెలుసుగా, తాడుతో కట్టడం" అని మొదలుపెట్టాను. "మరి మరం అంటే?" అంది. "మర అంటే యంత్రం" అన్నాను నోటికొచ్చినట్టు. "యంత్రాన్ని కట్టేసి సముద్రంలో పడేశారా?" అని కాసేపు ఆలోచించి, "మరమరాల్లో మరమా?" అని కూడా అడిగింది. ఆ రాత్రే వాళ్ల నాన్న ఫోన్‌లో డిక్షనరీ తీసి చూసుకుంది. ఏ డిక్షనరీ తీసినా ఒకటే, తమిళ కట్టుమరం. మరం అంటే చెట్టు, కొయ్య. మన మ్రాను, మాను దానికి చుట్టాలే, కట్టు ఇద్దరికీ ఉమ్మడి ఆస్తే. కానీ ఆ రెంటినీ అతికించి ఇంగ్లీషువాడికి అందించింది మనం కాదు.

మా అమ్మ బందరు మనిషి. ఇంటికెళ్లి ఈ పంచాయితీ చెబితే ఒక్క ముక్కలో తేల్చింది. "కట్టుమరం ఏమిటే, మేం తెప్ప అంటాం." మనవరాలికి నాలుగు అగరొత్తులు పక్కపక్కన పేర్చి దారంతో కట్టి చూపించింది. తేలిక దుంగలు, మధ్యది కాస్త పొడుగు, ముందు కొస పైకి లేచి ఉంటుంది. దుంగల సందుల్లోంచి నీళ్లొస్తాయి, అలాగే పోతాయి, అందుకే మునగదు. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండబెడతారు, లేకపోతే నీళ్లు పీల్చి బరువెక్కిపోతాయి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే ట్యాంక్ బండే. ఇదంతా నేనూ అప్పుడే వినడం.

ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ కోరమాండల్ తీరంలో ఈ దుంగల్ని చూసి రాసిన సంగతి 1697లో అచ్చయింది. తర్వాత ఆ పేరు పసిఫిక్ దీవుల జంట పడవలకీ అంటుకుంది. 1876లో అమెరికాలో నతానియల్ హెరెషాఫ్ అలాంటి జంట పడవొకటి కట్టి న్యూయార్క్ పందెంలో దించి అందరినీ వెనక్కి నెట్టాడు. ఇప్పుడు కాటమరాన్ అంటే అందరికీ ఆ ఖరీదైన పడవే. అందులో కట్టడమూ లేదు, మానూ లేదు.

"అంటే వేరే దేశం వెళ్లి పూర్తిగా మారిపోయింది. దాన్ని ఎవరూ తిట్టలేదా?" అంది పిల్ల. నా వైపు చూడకుండానే అంది.

మాటల కథలు చెబితే పిల్లలకి భాష వస్తుందని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరికీ సలహాలిచ్చేది నేనే. మా ఇంట్లో మాత్రం ముద్దులూ హోంవర్కూ ఇంగ్లీషులో, తిట్లు తెలుగులో. పాపం దానికి తెలుగంటే గొంతు పెరిగినప్పుడు వినబడే భాష. ఆ భాష పరువు నిలబెట్టడానికి నేను పక్కింటి వాళ్ల పడవ ఎత్తుకొచ్చాను. అసలు గర్వం నేర్పాలనే తాపత్రయం పిల్ల కోసమా, పేరెంట్స్ మీటింగ్‌లో నా కోసమా? ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున పిల్లే తన మాట వెతుక్కుని వచ్చింది. బాండికూట్. పందికొక్కు నుంచి వెళ్లిందట, డిక్షనరీలో తెలుగు అనే ఉంది. మెల్‌బోర్న్‌లో బాండికూట్ అంటే ముద్దొచ్చే బుల్లి జంతువు, పిల్లలు బొమ్మలు కొనుక్కుంటారు. చిక్కడపల్లిలో అంటే పెరట్లో కన్నాలు తవ్వి మా అమ్మ తులసి కోటని ఒక పక్కకి ఒరిగించేసిన దొంగ ముండ. "ఇంత పెద్ద భాషలో నీకు అదే దొరికిందా?" అన్నాను. చూశారుగా, మళ్లీ తిట్టే.

ఆ రాత్రి తొమ్మిదింటికి పిల్ల టార్చి పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చుంది. పక్కన అమ్మమ్మ, చేతిలో చీపురు. ఇద్దరూ ఎదురుచూసేది దాని కోసమే, ఒకరు చూడటానికి, ఒకరు కొట్టడానికి. నేను తలుపు తీసేసరికి పిల్ల వేలు పెదాల మీద పెట్టుకుని గుసగుసగా, ళ కూడా సరిగ్గా పలకని ఆ నోటితోనే, ఒత్తు ఎక్కడా జారకుండా అంది.

"ఉష్, అమ్మా. పందికొక్కు!"