కంచు బొమ్మకు పట్టిన పచ్చపొడి: నా అనుభవం

మా ఇంట్లో అడుగున్నర ఎత్తున్న కంచు నర్తకి బొమ్మ ఒకటి చాలా ఏళ్లుగా ఉంది. ముదురు గోధుమ రంగులో, చీర మడతల దగ్గర దాదాపు నల్లగా కనిపించే ఆ బొమ్మకు మురికి పట్టిందనే నేను నమ్మాను. ఒక సెలవు రోజున నిమ్మచెక్కకు ఉప్పు అద్ది, ఇత్తడి సామాను తోమినట్టే దాన్ని తోమాను. పావుగంటలో ముఖం, భుజాలు తళతళలాడాయి. ఇంత సులువైన పనిని ఇన్నాళ్లు ఎందుకు వాయిదా వేశానా అనుకుంటూ కుళాయి నీళ్లతో కడిగి, పైపైన తుడిచి, తిరిగి పీఠం మీద పెట్టేశాను.

మూడు వారాల్లో ఆ మెరుపు మాసిపోయి మచ్చలు తేలాయి. దానికి నేను పెద్దగా బాధపడలేదు. వానలు మొదలయ్యాక మాత్రం కుడి మోచేతి వంపులోనూ నడుము పట్టీ అంచునా ఆవగింజంత పచ్చని చుక్కలు కనిపించాయి. గోటితో గీకితే లేత ఆకుపచ్చ పొడి రాలింది, దాని కింద సన్నని గుంట బయటపడింది. తుడిచేశాను. పది రోజులకు అదే చోట, మునుపటికంటే ఎక్కువగా, మళ్లీ అదే పొడి.

లోహ వస్తువుల పరిరక్షణలో పనిచేసే ఒకావిడకు బొమ్మను చూపించినప్పుడు, ఆవిడ భూతద్దంలోంచి తల ఎత్తకుండానే "ఉప్పు వాడారా?" అని అడిగారు. నేను మురికి అనుకున్నది మురికి కాదని, గాలికీ కాలానికీ రాగి మీద ఏర్పడి లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, ఒక విధంగా దాన్ని కాపాడే పాటినా పొర అని అప్పుడు తెలిసింది. కంచు ప్రధానంగా రాగి, తగరం కలిసిన లోహం. నేను రుద్దిన ఉప్పులోని క్లోరైడు సన్నని రంధ్రాల్లోకి చేరి రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా నిలిచిపోయింది; దానికి తేమ, ఆక్సిజన్ అందినప్పుడల్లా అది పచ్చపొడిగా మారుతూ ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం కొత్త రాగిని తింటుంది, దాంతో మళ్లీ క్లోరైడు తయారవుతుంది. దీన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు. పేరుకు రోగమే గాని, పక్కనున్న బొమ్మకు అంటుకునేది కాదు. నున్నగా, ముదురుగా, గీకినా రాలని చిలుముతో భయం లేదని, లేత రంగులో పొడిపొడిగా రాలి మళ్లీ మళ్లీ పుట్టేదాన్నే పట్టించుకోవాలని ఆవిడ చెప్పారు.

తరువాతి పని ఓపికతో చేయవలసినది. వెదురు పుల్ల మొనను సన్నగా చెక్కి, భూతద్దం కింద ఆ పొడిని ఒక్కొక్క గుంటలోంచి తీశాను. ఇనుప సూది వాడితే గీతలు పడతాయి. తరువాత డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి కుంచె ముంచి కడిగి, నూలు గుడ్డతో అద్ది, హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి మడతల లోపలి దాకా ఆరబెట్టాను. కుళాయి నీటిలోనూ క్లోరైడు ఉండవచ్చు కనుక ఈసారి దాని జోలికి పోలేదు. క్లోరైడును లోపలినుంచి లాగేసే రసాయనాలూ ఉన్నాయి గాని, వాటిని నిపుణుల చేతికే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

ఆరిన బొమ్మను గాలి చొరని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో, చిన్న తేమ మీటరుతో కలిపి ఆరు వారాలు ఉంచాను. సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలిలోని తేమ శాతం, సుమారు 42 దాటితే ఈ చర్య మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది కనుక, ముల్లు 40కి దగ్గరపడగానే సంచులు మార్చేవాణ్ణి. సంచుల్లోని నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే అవి తేమతో నిండిపోయినట్టే. రెండో వారంలో మోచేతి దగ్గర ఒక్క చుక్క మళ్లీ కనిపించడంతో పుల్ల పని మొదటినుంచీ చేయవలసి వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు.

అప్పుడు గాని మైనం పూయలేదు. బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో రూపొందిన రెనైజాన్స్ వాక్స్ అనే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని గుడ్డకు అతి కొద్దిగా అద్ది, పలుచని పొరగా రాసి, ఆరిన తరువాత పొడి గుడ్డతో రుద్దాను. పొర మందమైతే దుమ్ము అందులోనే చిక్కుకుపోతుంది. చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుందని తెలిశాక, బొమ్మను ఎత్తవలసినప్పుడు చేతి తొడుగులు వేసుకుంటున్నాను.

అదే అల్మారాలో ఉన్న ఇత్తడి సింహాన్ని నిమ్మచెక్కతో తోమకముందే ఆగడం నా అదృష్టం. పులుపు ఇత్తడిలోని జింకును ముందుగా లాగేయడంతో పైన రాగి రంగు మచ్చలు తేలవచ్చు. పైగా కొన్ని ఇత్తడి బొమ్మలకు లక్క వార్నిష్ ఉంటుంది; దాని మీద పాలిష్ పెడితే వార్నిష్ అక్కడక్కడా ఊడిపోయి, ఉన్నచోట మెరుపు, లేనిచోట నలుపు మిగులుతాయి. పాలిష్ పెట్టిన ప్రతిసారీ కొంత లోహం కూడా అరిగిపోతుంది. ఆ సింహం జూలు అంచులు మొద్దుబారడానికీ, మడతల్లో తెల్లని పేస్టు గట్టిపడి ఉండడానికీ ఎవరో ఎప్పుడో చేసిన శ్రద్ధే కారణం. ఇప్పుడు వారానికోసారి మెత్తని కుంచెతో దుమ్ము దులపడం తప్ప దానికి నేనేమీ చేయడం లేదు.

నర్తకి ముఖం నేను తోమినందుకు ఇంకా ఒంటికంటే లేతగానే ఉంది. అది తనంతట తానే ముదురుతుందని, రంగు పూసి తొందరపెట్టవద్దని ఆవిడ హెచ్చరించారు. మోచేతి వంపులోని గుంట ఇక పూడదు. వానాకాలంలో నెలకోసారి భూతద్దం తీసినప్పుడు నేను ముందుగా చూసేది దాన్నే.