ఏ సంఘం? ఏం చేసింది?: 19(1)(సి) నాకు అర్థమైన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్న మిత్రులందరికీ. రాజ్యాంగంలో అధికరణం 19 అనగానే మనం వాక్ స్వాతంత్ర్యం మీద పది పేజీల నోట్స్ రాసుకుంటాం. 19(1)(సి)లో ఉన్న, సంఘాలు ఏర్పాటు చేసుకునే హక్కుని మాత్రం ఒక లైన్లో దాటేస్తాం. నేనూ అంతే చేశాను. పోయినసారి ఒక మాక్ టెస్ట్‌లో దానికి మూల్యం చెల్లించాను.

ప్రశ్న ఇది: "జాతి, భాషా అస్తిత్వం ఆధారంగా ఏర్పడిన సంఘాలను నిషేధించడం ఎంతవరకు సమంజసం?" పది మార్కులు. "ఇలాంటి సంఘాలు దేశ సమైక్యతకు ముప్పు కాబట్టి నిషేధం అవసరం" అని మొదలుపెట్టి, ఈ హక్కుకి పరిమితులు పెట్టడానికి 19(4)లో ఉన్న మూడు కారణాలూ (సార్వభౌమత్వం-సమగ్రత, శాంతిభద్రతలు, నైతికత) వరసగా రాసి వచ్చాను. రెండున్నర మార్కులు పడ్డాయి. నా మొదటి వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత, పక్కన మార్జిన్లో రెండే ముక్కలు: "ఏ సంఘం? ఏం చేసింది?"

ఆ పేపరు పట్టుకుని బ్రాడీపేటలో మా రీడింగ్ రూమ్‌కి వచ్చి కూర్చున్నాను. ఎదుటి టేబుల్ అక్క రెండుసార్లు మెయిన్స్ రాసింది. పేపరు తీసుకుని చదివి, "పేపర్-2లో ఆంధ్ర మహాసభ వస్తే ఎంత రాస్తావు?" అంది.

"రెండు పేజీలు రాస్తానక్కా. 1913 బాపట్ల, 1914 బెజవాడ, న్యాపతి సుబ్బారావు పంతులు గారు..."

"మరి అది ఏ సంఘమే? భాష పేరుతో, తెలుగువాళ్లమన్న పేరుతో పెట్టుకున్నదే కదా! నువ్వు పేపర్-3లో రాసిన మొదటి వాక్యం ప్రకారం దాన్ని కూడా నిషేధించాలి."

నాకు నోట మాట రాలేదు. మా ఊరు బాపట్లకి గంట దూరం. చిన్నప్పటి నుంచి ఆ సభ గురించి గొప్పగా చెప్పుకుంటూ పెరిగాం. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలని జనం సంఘం పెట్టుకుని అడిగారు, నలభై ఏళ్లకి 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. హిస్టరీలో గర్వంగా రాసే విషయాన్ని పాలిటీలో ముప్పు అని ఎలా రాశాను? రెండు సబ్జెక్టులూ వేరే వేరే పుస్తకాలు కాబట్టి, నా బుర్రలో కూడా వేరే గదుల్లో ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి ఈ టాపిక్‌ని మన నేల మీద నుంచే చదివాను. కృష్ణకి అవతల నైజాం రాజ్యంలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ని 1938లో పుట్టకముందే నిషేధించారు. మతతత్వ సంస్థ అని ముద్ర వేశారు. అప్పటికి అది ఒక్క పని కూడా మొదలుపెట్టలేదు. నిషేధం ఎత్తేయడానికి 1946 దాకా పట్టింది. చేసిన పనిని చూడకుండా పేరునీ అనుమానాన్నీ చూసి వేసిన నిషేధానికి ఇంతకన్నా దగ్గర ఉదాహరణ నాకు దొరకలేదు.

తర్వాత వి.జి. రో కేసు. దీని మీద మాత్రం దయచేసి ఒక పూట పెట్టండి. 1950 మార్చి 10న మద్రాసు ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని చట్టవ్యతిరేక సంఘంగా ప్రకటించింది. అప్పుడు మన గుంటూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1952లో ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ నిషేధానికి ఆధారమైన సెక్షన్‌ని కొట్టేసింది. కారణం గుర్తుపెట్టుకోండి: ప్రభుత్వం తన మనసుకి తోచినదాన్ని బట్టి నిషేధిస్తే, ఆ కారణాలు నిజమో కాదో న్యాయ విచారణలో తేలే దారే ఆ చట్టంలో లేదు. సలహా మండలి పరిశీలన దానికి సరిపోదని కోర్టు తేల్చింది. పరిమితి "సహేతుకం" అవునా కాదా అని చూసేటప్పుడు నేటికీ కోర్టులు వెనక్కి వెళ్లి చూసే తీర్పు ఇది.

ఇది తెలిశాక ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది. 1963లో 16వ సవరణ 19(4)లో సార్వభౌమత్వం-సమగ్రత అనే మాట చేర్చింది, 1967లో ఈ చట్టం వచ్చింది. సెక్షన్ 3 కింద సంఘాన్ని నిషేధిస్తే 30 రోజుల్లో ట్రిబ్యునల్‌కి పంపాలి. ఒక హైకోర్టు జడ్జి విచారించి ఆరు నెలల్లో తేల్చాలి. వి.జి. రో కేసులో లేదన్న విచారణే ఇది. మరి ఇదే చట్టం షెడ్యూల్‌లో ఉగ్రవాద సంస్థగా చేర్చినప్పుడు ఈ ట్రిబ్యునల్ ఉండదు, ప్రభుత్వానికి అర్జీ, ఆపైన రివ్యూ కమిటీ మాత్రమే. ఈ తేడా రాసినవాళ్ల జవాబు వెంటనే కనబడుతుంది. ఇంకో హెచ్చరిక: నిషేధిత సంస్థలో ఊరికే సభ్యుడైతే నేరం కాదన్న 2011 అరూప్ భూయాన్ తీర్పుని 2023 మార్చి 24న ముగ్గురు జడ్జీల ధర్మాసనం పక్కన పెట్టింది. నా పాత నోట్స్‌లో ఇంకా 2011 దగ్గరే ఉంది, ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

వర్తమాన ఉదాహరణగా మణిపూర్ రాయండి, కానీ జాగ్రత్తగా. 2023 నవంబర్‌లో కేంద్రం ఐదేళ్లకి నిషేధం విధించింది మైతేయి సాయుధ సంస్థల మీద, మైతేయి ప్రజల మీద కాదు. చూపించిన కారణం సాయుధ పోరాటంతో వేర్పాటు. అదే నెల 29న వాటిలో ఒకటైన యూఎన్ఎల్ఎఫ్ (యునైటెడ్ నేషనల్ లిబరేషన్ ఫ్రంట్)లోని ఒక వర్గం శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టింది. "మైతేయి సంఘాలను నిషేధించారు" అని ఒక్క మాట జారినా ఒక జాతి మొత్తాన్ని దోషిని చేసినట్టే. పరీక్ష పేపర్లో అయినా ఆ మాట రాయకూడదని నాకు గట్టిగా ఉంది.

బయటి దేశాల నుంచి నేను రెండే పెట్టుకున్నాను. గ్రీస్‌లో మాసిడోనియన్ సాంస్కృతిక సంఘానికి రిజిస్ట్రేషన్ ఇవ్వకపోతే 1998లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది హక్కు ఉల్లంఘనే అంది. పోలండ్‌లో సైలీషియన్ జాతీయుల సంఘం కేసులో 2004లో ఉల్లంఘన లేదంది, ఎందుకంటే ఆ పేరుతో రిజిస్టర్ అయితే జాతీయ మైనారిటీలకి ఇచ్చే ఎన్నికల మినహాయింపులు దక్కే అవకాశం ఉంది. పక్కపక్కన పెట్టి చదవండి, ఆలోచన తేటపడుతుంది.

అదే ప్రశ్నని మొన్న మళ్లీ రాశాను. ఈసారి మొదటి వాక్యం బాపట్లతో మొదలుపెట్టాను. అక్క చదివి ఏమీ అనలేదు, పెన్ను తీసి చివర్లో ఒక ప్రశ్న రాసిచ్చింది: "ట్రిబ్యునల్‌లో ప్రభుత్వం రహస్యమని చెప్పి సంఘానికి చూపించని సాక్ష్యం ఉంటే?" ఈ చిక్కు మీదే 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన జమాతే ఇస్లామీ హింద్ తీర్పు తీసి కూర్చున్నాను. మీరూ 150 పదాల్లో రాసి చూడండి.