కావలి దాకా సుఖం, తిరుగుదారిలో ఎదురుగాలి

200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాన్ని, నియమం ప్రకారం 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలన్నది ఈ ఏడాది నేను పెట్టుకున్న లక్ష్యం. ఆ తరువాత 20 గంటల్లో ముగించాల్సిన 300 కిలోమీటర్ల బ్రెవే ఉన్నది గాని, దాని సంగతి ఇప్పుడే ఎందుకు! ప్రస్తుతానికి ఆదివారాలు తెల్లవారుజామున నెల్లూరులో నలుగురైదుగురం కలిసి సైకిళ్ల మీద బయలుదేరి, పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా జాతీయ రహదారి పట్టుకొని కావలి దాకా వెళ్లి వస్తున్నాము. రానూ పోనూ 100 కిలోమీటర్లు దాటుతుంది.

ఈ దారిలో మమ్మల్ని ఆపేవి ఎత్తుపల్లాలు కావు. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రోడ్డు అంచున రాలిపడే సన్నని ఉక్కు తీగ ముక్కలు. మొన్న రెండుసార్లు ట్యూబు మార్చినా గాలి నిలవకపోవడంతో, టైరు లోపలి వైపు బొటనవేలితో మెల్లగా తడుముతూ పోగా, చురుక్కుమని గుచ్చుకున్న తరువాతే ఆ ముక్క జాడ తెలిసింది. అప్పటి నుంచి సీటు కింది సంచిలో చిన్న పట్టకారు ఒకటి పెట్టుకుంటున్నాను. 25 మిల్లీమీటర్ల టైర్లు తీసి 28 వేయించి, గాలి ఒత్తిడిని 100 పీఎస్‌ఐ నుంచి 80కి తగ్గించాను. వేగం పోతుందని మిత్రులు అన్నారు గాని, నడుము నొప్పి పోయిన మాట నాకు తెలుసు.

వేసవి మొదలైతే తిరుగుదారిలో దక్షిణపు గాలి ఎదురు కొడుతుంది. అప్పుడు ఒకరి వెనుక ఒకరం చేరి, ముందున్నవారు వెనుకవారికి గాలి తగలకుండా అడ్డుగా ఉండి, కొద్ది నిమిషాలకు పక్కకు తప్పుకొని వెనక్కి వచ్చేలా వంతులు వేసుకుంటాము. మాలో ఒక పెద్దాయనకు మాత్రం సరిగ్గా తన వంతు వచ్చినప్పుడే దాహం వేస్తుంది. ఇడ్లీల డబ్బులు ఎప్పుడూ ఆయనే ఇస్తారు కనుక ఎవరమూ నోరెత్తము.