ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వెస్టర్‌బోర్క్‌కి: రిజిస్టర్ల దారిలో రెండు రోజులు

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినవాళ్లు చాలామంది నాజీల నుంచి దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూసి, ఆ చరిత్ర అంతటితో అయిపోయిందనుకుని పడవ ఎక్కేస్తారు. ఆ ఇంటి టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంటాయి, ఆరు వారాల ముందు మంగళవారాల్లో వదులుతారు. దొరక్కపోయినా దిగులక్కర్లేదు. నేను మొదటి రోజు నగరంలోని పాత యూదుల పేటకీ రెండో రోజు యూదుల్ని రైళ్లెక్కించి పంపేసిన వెస్టర్‌బోర్క్ శిబిరానికీ కేటాయించుకున్నాను.

వాటర్‌లోప్లెయిన్ మెట్రోలో దిగితే నాలుగడుగుల్లో పోర్చుగీసు సినగాగు వస్తుంది. స్పెయిన్, పోర్చుగల్‌లలో మతవిచారణకి భయపడి వచ్చిన కుటుంబాల వారసులు 1675లో కట్టుకున్న ప్రార్థనాలయం ఇది. లోపల ఈనాటికీ కరెంటు లేదు. వెలుగంతా సుమారు వెయ్యి కొవ్వొత్తులదే. చెక్క నేల మీద సన్నని ఇసుక పరుస్తారు, తేమ పీల్చుకోవడానికీ అడుగుల చప్పుడు వినపడకుండా ఉండడానికీ. శనివారం మూసేస్తారు. దీనికీ, యూదుల మ్యూజియానికీ, 2024లో తెరిచిన హోలోకాస్ట్ మ్యూజియానికీ కలిపి ఒకటే టికెట్ ఉంది కాబట్టి శనివారం పెట్టుకుంటే టికెట్‌లో ఒక ముక్క వృథా.

సినగాగు వెనక చౌకులో ఒక రేవు కార్మికుడి కంచు విగ్రహం ఉంది. 1941 ఫిబ్రవరి 22, 23 తేదీల్లో, నెదర్లాండ్స్‌ని ఆక్రమించిన జర్మన్లు నాలుగు వందల పైచిలుకు యూదు యువకుల్ని ఈ చౌకుకి ఈడ్చుకొచ్చి, తర్వాత శిబిరాలకి పంపారు. దానికి నిరసనగా 25న ట్రాములు ఆగాయి, రేవు పనివాళ్లు పని ఆపేశారు. సమ్మె రెండు రోజులే సాగింది, తుపాకులతో అణిచేశారు.

అంత ఎదురుతిరిగిన ఊళ్లో అంతమంది ఎలా పోయారన్నది ఇక్కడ తొలిచే ప్రశ్న. దేశంలోని సుమారు 1,40,000 మంది యూదుల్లో నూటికి డెబ్బై అయిదు మంది చనిపోయారు. ఫ్రాన్స్‌లో ఆ లెక్క నూటికి పాతిక. దాక్కోవడానికి కొండల్లేని పల్లపు దేశం కావడం ఒక కారణం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద కారణం కాగితం. మున్సిపల్ రిజిస్టర్లలో యుద్ధానికి ముందు నుంచే మతం గడి ఉంది. దాని మీద 1941లో యూదులందరూ నమోదు చేసుకోవాలన్న ఉత్తర్వు వచ్చింది. యాకోబ్ లెంట్స్ అనే డచ్ అధికారి తయారుచేసిన గుర్తింపు కార్డుకి ఫోటో, వేలిముద్ర ఉండేవి, నకిలీ చేయడం మహాకష్టం. యూదుల కార్డు మీద 'జె' ముద్ర పడేది.

ఆ రిజిస్టర్ల మీద దాడి జరిగిన చోటు జంతు ప్రదర్శనశాల పక్క వీధిలో ఉంది, గోడకి ఫలకం ఉంది. 1943 మార్చి 27న విల్లెమ్ అరోండేయుస్ అనే ప్రతిఘటన యోధుడి బృందం పోలీసు వేషాల్లో వచ్చి రిజిస్టర్ల కార్యాలయాన్ని పేల్చింది. కానీ సొరుగుల్లో బిగించి పేర్చిన రిజిస్టర్ కార్డులు సులువుగా అంటుకోవు. ఫైరింజన్ల వాళ్లు కావాలనే ఆలస్యంగా వచ్చి, మిగిలినవి తడిసిపోయేలా నీళ్లు కుమ్మరించారు. అయినా కాలింది కొంతే. బృందంలో పన్నెండు మందిని జర్మన్లు కాల్చి చంపారు.

పక్క వీధిలోనే హోలాండ్సె స్ఖౌబుర్ఖ్. ఒకప్పుడు నాటకశాల, 1942 నుంచి జనాన్ని పోగేసే బందీఖానా. పిల్లల్ని ఎదుటి శిశుగృహంలో ఉంచేవారు. ఆ నాటకశాల నిర్వహణ చూసే యూదుడు వాల్టర్ జ్యూస్కింట్ పిల్లల పేర్లని చిట్టాలోంచి మాయం చేసేవాడు, శిశుగృహం పెద్ద హెన్రియెట్ పిమెంటెల్ బిడ్డల్ని బయటికి పంపేది. మధ్యలో ట్రాము ఆగినప్పుడు కాపలావాళ్లకి ఎదురు గుమ్మం కనపడదు. ఆ కాస్త వ్యవధిలో బ్యాగుల్లో, బుట్టల్లో పసివాళ్లు దాటిపోయేవారు. అలా సుమారు ఆరు వందల మంది బతికారు. ఇప్పటికీ ఆ రోడ్డు మీద ట్రాము నడుస్తోంది. అది ఆగేదాకా నిలబడి చూస్తే ఎంత సందు దొరికేదో తెలుస్తుంది.

వీస్పర్‌స్ట్రాట్‌లో 2021లో కట్టిన, చనిపోయినవారి పేర్ల స్మారకం దగ్గర రోజు ముగించాను. 1,02,000కి పైగా ఇటుకలు, ఒక్కోదాని మీద పేరు, పుట్టిన తేదీ, చనిపోయేనాటి వయసు.

రెండో రోజు వెస్టర్‌బోర్క్. మ్యాపులో ఆ పేరు కొడితే సుమారు పది కిలోమీటర్ల అవతలున్న పల్లెకి తీసుకెళుతుంది. శిబిరం ఉన్నది హోఖ్‌హాలెన్ దగ్గర. రైల్లో బెయిలెన్ లేదా అసెన్ దిగి బస్సెక్కాలి. ఆదివారం బస్సులు తక్కువ. మ్యూజియం నుంచి శిబిరానికి అడవిలో మూడు కిలోమీటర్లు, నడవాలి లేదా అక్కడి బస్సెక్కాలి. పక్కనే రేడియో టెలిస్కోపులు ఉన్నాయి, వాటి పనికి అడ్డొస్తాయని కార్లని రానివ్వరు.

1939లో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం డచ్ ప్రభుత్వమే ఈ శిబిరం కట్టింది. 1942 జులైలో జర్మన్ల చేతికి పోయింది. సోమవారం రాత్రి పేర్ల చిట్టా చదివేవారు, మంగళవారం రైలు కదిలేది. పోలండ్‌లోని సోబిబోర్ మృత్యు శిబిరానికి వెళ్లిన 19 రైళ్లలో 34,313 మంది ఉంటే తిరిగొచ్చినవాళ్లు 18 మంది. ఇప్పుడు అక్కడ గడ్డి మైదానం, పైకి వంచేసిన పట్టాలు, గాజు పెట్టెలో పెట్టిన కమాండెంట్ ఇల్లు ఉన్నాయి. హాజరు తీసుకున్న మైదానంలో మనిషికో రాయి చొప్పున 1,02,000 రాళ్లు నిలబెట్టారు.