తొమ్మిదో జతనూ చూడాలి

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. క్రోమోజోముల ల్యాబుకి ఇది పని పెంచే వాతావరణం. గాలిలో తేమ 50 శాతం చుట్టుపక్కల ఉంటే స్లైడ్లు చక్కగా కుదురుతాయి. ఎక్కువైతే స్లైడు మీద వేసిన చుక్క నెమ్మదిగా ఆరి, కణం మరీ విచ్చుకుపోయి, దాని క్రోమోజోములు పక్క కణంవాటిలో కలిసిపోతాయి. మే ఎండల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం: చుక్క ఇట్టే ఆరిపోయి కణంలోని 46 క్రోమోజోములూ ఒకదాని మీద ఒకటి పడి గుత్తిలా ఉండిపోతాయి. అందుకే ఇవాళ డీహ్యూమిడిఫయర్ వేసి, గది దారికొచ్చాకే స్లైడ్ల పని.

నిన్న కల్చర్‌లో పెట్టిన ఎముక మజ్జకి ఇవాళ హార్వెస్ట్, అంటే కణాలను బయటికి తీసి స్లైడ్లకు సిద్ధం చేయడం. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ అనుమానం. నమూనా గడ్డకట్టకుండా సోడియం హెపారిన్ వేసిన ట్యూబులోనే వచ్చింది, సంతోషం. గడ్డకట్టకుండా ఆపే మరో రసాయనం ఈడీటీఏలో వస్తే విభజన చెందే కణాలు బాగా తగ్గిపోతాయి. ఒక మి.లీ. మీడియానికి సుమారు పది లక్షల కణాలు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ దొరుకుతాయనిపిస్తుంది గానీ, కిక్కిరిస్తే పోషకాలు చాలక విభజనే మందగిస్తుంది. పీహెచ్ఏ మాత్రం కలపకూడదు. అది టీ కణాలనే తెల్ల రక్తకణాలను విభజనకు పురిగొల్పుతుంది. ఆ కణాల్లో సాధారణంగా సీఎంఎల్ క్రోమోజోము మార్పు ఉండదు కాబట్టి, జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ అని వచ్చేస్తుంది.

మిగతాదంతా గడియారం పని. కణ విభజనను మధ్యలో ఆపే కోల్సెమిడ్ మి.లీ.కి 0.1 మైక్రోగ్రాము, అరగంట నుంచి గంట. అంతకు మించితే క్రోమోజోములు కురచబడి, వాటిని గుర్తుపట్టించే చారలు తెలియవు. ఆపైన 0.075 మోలార్ పొటాషియం క్లోరైడు, 37 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. తక్కువైతే కణం ఉబ్బదు, ఎక్కువైతే పగులుతుంది. తర్వాత ఫిక్సేటివ్, అంటే కణాలను ఉన్నవున్నట్టు నిలిపే ద్రవం: మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం, అప్పటికప్పుడు కలిపింది. మొదటి మి.లీ. చుక్క చుక్కగా, ట్యూబును కదుపుతూనే వేయాలి. ఒక్కసారిగా పోస్తే కణాలు గడ్డకడతాయి, ఇక విడదీయలేం. ఆరిన స్లైడ్లను వేడి మీద ముదరబెట్టి, ట్రిప్సిన్‌లో కొన్ని సెకన్లు ముంచి, గీమ్సా రంగు వేయాలి. ట్రిప్సిన్ చాలకపోతే చారలు రావు, ఎక్కువైతే అంచులు ఉబ్బి చెదిరిపోతాయి.

మధ్యాహ్నం స్క్రీన్ మీద జతలు పేర్చాక కనిపించింది: కురచబడిన 22వ క్రోమోజోము, పొడవైన 9వది, సీఎంఎల్ గుర్తు. ఇది చూసినప్పుడల్లా అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ మీద గౌరవం పెరుగుతుంది. ఆ కురచ క్రోమోజోమును ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ 1960లోనే పట్టుకున్నారు. ఒక ముక్క ఊడిపోయిందనే అప్పట్లో అనుకున్నారు. షికాగోలో రౌలీ 1972లో క్వినాక్రిన్‌తో రంగు వేస్తే మెరిసే చారల ఫొటోలను కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చి చూస్తే, పోయిందనుకున్న ముక్క తొమ్మిదో క్రోమోజోము చివర అతుక్కుని ఉంది. మరుసటి ఏడు ‘నేచర్’లో అచ్చయింది. నలుగురు మగపిల్లల్ని పెంచుకుంటూ ఏళ్ల తరబడి పార్ట్‌టైమ్‌గానే పనిచేసిన మనిషి. తేడా ఉన్న క్రోమోజోము దొరికింది కదా అని ఆగకుండా మిగిలినవన్నీ చూసింది, అదీ ఆమె గొప్పతనం. ఆ అతుకు వల్ల పుట్టి జబ్బును నడిపించే బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్‌ను అణచే ఇమాటినిబ్ అనే మందుకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అందుకే 9, 22 కనపడగానే లెక్క ముగించడం నాకు నచ్చదు. 20 కణాలూ పూర్తిగా చూడాలి. ఎనిమిదోవి మూడు ఉన్నాయా, కురచ 22 రెండయ్యాయా, పదిహేడో దాని పొడవు చేతులు (పెద్ద భాగాలు) రెండు కలిసి ఒకే క్రోమోజోము అయ్యాయా? ఇవి జబ్బు ముదురుతోందనడానికి గుర్తులు, డాక్టరుకు వెంటనే తెలియాలి. అదనపు మార్పు ఒక్క కణంలోనే కనిపిస్తే క్లోన్ (ఒకే కణం నుంచి పుట్టిన గుంపు) అని రాయకూడదు. కనీసం రెండింటిలో ఉండాలి, క్రోమోజోము పోయిన సందర్భంలో మూడింటిలో. సుమారు ఐదు శాతం సీఎంఎల్‌లలో ఈ 9, 22 మార్పు మామూలు రూపంలో కనపడదు. అప్పుడు ఫిష్ (మెరిసే గుర్తులతో డీఎన్‌ఏ ముక్కను వెతికే పరీక్ష) గానీ పీసీఆర్ (జన్యువును నకళ్లు తీసి పట్టుకునే పరీక్ష) గానీ చేయాల్సిందే.

రౌలీ బృందం 1977లో చూపించిన 15, 17 క్రోమోజోముల మార్పు సంగతి వేరు, అది ఏపీఎల్ అనే మరో రక్త క్యాన్సర్ గుర్తు. ఏపీఎల్ అనుమానం రాగానే మా రిపోర్టు కోసం ఆగకుండా ఏట్రా అనే మందు మొదలుపెట్టాలి. రక్తస్రావంతో మొదటి రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అలాంటి నమూనా వస్తే వరుసలో దానికే ముందు చోటు.

మిగిలిన కణాలు ఫిక్సేటివ్‌లోనే మైనస్ 20లోకి వెళ్లాయి. ఫిష్ అవసరమైతే ఇవే పనికొస్తాయి. మూత వదులైతే మిథనాల్ ఆవిరైపోయి పాళ్లు మారిపోతాయి కాబట్టి, మళ్లీ వాడేముందు కొత్త ఫిక్సేటివ్‌తో ఒకసారి కడగాలని లేబుల్ మీదే రాసి ఉంచాను.