మాక్రోఫేజ్ ఎలా చచ్చిందో తేల్చడం: పైరోప్టోసిస్ పరీక్షలతో నా అనుభవం

నిజెరిసిన్ అనే విషం వేసిన అరగంటకు ప్లేటును మైక్రోస్కోప్ కింద పెడితే, అప్పటిదాకా అడుగుకు అతుక్కుని సాగి ఉన్న మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాలు) గుండ్రంగా ఉబ్బి కనిపిస్తాయి. లోపలి సరుకంతా కారిపోయినట్టు గాజులా పలచబడి, మధ్యలో ముడుచుకున్న కేంద్రకం ఒక్కటే మిగులుతుంది. ఇదే పైరోప్టోసిస్, వాపును రేపుతూ కణం పగిలి చచ్చే తీరు. 2001లో బ్రాడ్ కుక్సన్, మాలీ బ్రెన్నన్ ఆ పేరు పెట్టేదాకా ఇలాంటి చావులు ఎపాప్టోసిస్ (కణం చడీచప్పుడు లేకుండా ముడుచుకుని చావడం) ఖాతాలోనే పడేవి. కంటికి ఇంత తేటగా కనిపించేదాన్ని అంకెల్లోకి మార్చబోతేనే చిక్కులు మొదలవుతాయి. నేను తప్పులు చేసిందీ అక్కడే.

ముందు కణాల సంగతి. ఎలుక తొడ ఎముకలు, టిబియాల చివర్లు కత్తిరించి, 26 గేజ్ సూదితో మూలుగను బయటికి కొట్టి, 70 మైక్రాన్ల జల్లెడలో వడగడతాను. ఎర్ర కణాలను ఏసీకే బఫర్‌లో ఒకటి రెండు నిమిషాల్లో పగలగొట్టి, ఒక్కో 10 సెంటీమీటర్ల డిష్‌కు 50 లక్షల కణాలు వేస్తాను. మీడియం డీఎంఈఎం, అందులో 10 శాతం సీరం, 20 శాతం ఎల్929 కణాలు పెరిగిన మీడియం (మూలుగ కణాలను మాక్రోఫేజ్‌లుగా మార్చే ప్రోటీన్ ఇందులోనే ఉంటుంది). మూడో రోజో నాలుగో రోజో పాతది తీయకుండానే మరో 5 మిల్లీలీటర్లు కలపాలి. ఏడో రోజుకు మాక్రోఫేజ్‌లు సిద్ధం. ఎల్929 మీడియం ఒక్కో విడత ఒక్కోలా పనిచేస్తుంది కాబట్టి, పెద్ద విడత ఒకటి తయారుచేసి పరీక్షించి ఫ్రీజర్‌లో దాచుకోవడం మేలు. డిష్ మాత్రం బ్యాక్టీరియాకు వాడే మామూలు పెట్రీ డిష్షే కావాలి. టిష్యూ కల్చర్ ప్లాస్టిక్ వాడితే అవి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, గీకి తీసేసరికి సగం చిరిగిపోతాయి. ట్రిప్సిన్ వేసినా సరిగ్గా ఊడి రావు. 2 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపిన చల్లటి పీబీఎస్‌లో పది నిమిషాలు ఉంచి, పిపెట్‌తో నెమ్మదిగా కడిగితే చాలు.

96 వెల్‌ల ప్లేటులో వెల్‌కు లక్ష కణాల చొప్పున ముందురోజు సాయంత్రమే వేస్తాను. అంచు వెల్‌లు త్వరగా ఆవిరైపోతాయి, వాటిలో పీబీఎస్ నింపి వదిలేస్తాను. మర్నాడు మీడియం తీసేసి, సీరం కలపని ఆప్టి-మెమ్ మీడియం పోస్తాను. చావును కొలిచేది ఎల్‌డీహెచ్‌తో, అంటే కణం పగిలితే బయటికి కారే ఎంజైమ్‌తో. సీరంలోనే ఎల్‌డీహెచ్ ఉంటుంది, 10 శాతం సీరంతో కొలిస్తే అడుగు రీడింగే పైకి లేచి కూర్చుంటుంది. మీడియంలోని యాంటీబయాటిక్‌లు, పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ కూడా ఇక్కడే వదిలించుకోవాలి. మాక్రోఫేజ్‌లకు ఎక్కించే బ్యాక్టీరియా, సాల్మొనెల్లా ఎస్ఎల్1344, స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకుంటుంది, పెన్సిలిన్‌ను తట్టుకోదు. ఈ ఒక్క సంగతి మరిచి, 'ఇన్ఫెక్షన్ పట్టడం లేదు' అని బ్యాక్టీరియాను తిట్టుకునేవాళ్లు చాలామంది.

ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 (ప్రమాదాన్ని పసిగట్టి పైరోప్టోసిస్ మొదలుపెట్టే ప్రోటీన్) దారి చూడాలంటే మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల శుద్ధమైన ఎల్‌పీఎస్‌తో (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) 4 గంటలు సిద్ధం చేసి, ఆపైన 10 మైక్రోమోలార్ నిజెరిసిన్ గంటసేపు. ఇది కణంలోని పొటాషియంను బయటికి తోడేస్తుంది. బయట 50 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఉంచితే చావు ఆగాలి. ఆగకపోతే మీరు చూస్తున్నది వేరేదేదో. నిజెరిసిన్ బదులు ఏటీపీ వాడేవాళ్లు పీహెచ్ సరిచేసుకోవాలి. ఏటీపీ ద్రావణం ఆమ్లం, 5 మిల్లీమోలార్ పడగానే మీడియం పసుపు పచ్చగా మారితే కణాలు చచ్చింది ఆ పులుపుకే కావచ్చు.

సాల్మొనెల్లాతో పని వేరు, ఎల్‌పీఎస్ అక్కర్లేదు. రాత్రంతా పెరిగిన కల్చర్‌ను 1:50 పలచన చేసి మరో 3 గంటలు ఊపుతూ పెంచాలి. వేగంగా పెరిగే ఆ దశలోనే ఫ్లాజెలిన్ (బ్యాక్టీరియా తోక ప్రోటీన్), ఎస్‌పీఐ-1 సూదియంత్రం (కణంలోకి ప్రోటీన్లు గుచ్చేది) రెండూ నిండుగా ఉంటాయి. వాటిని ఎన్‌ఏఐపీ-ఎన్‌ఎల్‌ఆర్‌సీ4 అనే కాపలా ప్రోటీన్ల జంట పసిగట్టి, గంటలోపే కణాన్ని చంపిస్తుంది. అదే కల్చర్‌ను పెరుగుదల ఆగిన దశలో తీసి వాడితే, చావు తెల్లారేదాకా సాగుతుంది. అక్కడ పనిచేసేది ప్రధానంగా కాస్పేస్-11 (కాస్పేస్‌లంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు), ఎన్‌ఎల్‌ఆర్‌పీ3. బ్యాక్టీరియా అదే, మాక్రోఫేజ్ అదే, ప్రయోగం మాత్రం ఒకటి కాదు. కణానికి 10 బ్యాక్టీరియా చొప్పున వేసి, 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, అరగంట తర్వాత, కణాల బయట మిగిలిన బ్యాక్టీరియాను చంపడానికి మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల జెంటామైసిన్ వేస్తాను. గంటకు దాన్ని 10కి తగ్గిస్తాను. వేసిన బ్యాక్టీరియాను ప్రతిసారీ పలచన చేసి అగార్ మీద పరిచి లెక్కపెట్టాలి. ద్రవం ఎంత మసకగా ఉందో చూసే ఓడీ రీడింగ్ చచ్చినవాటినీ బతికినవాటితో కలిపే లెక్కేస్తుంది.

ఎల్‌డీహెచ్ పరీక్ష చేతులకు తేలికే. ప్లేటును 250 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, అడుగు తాకకుండా పైనుంచి 50 మైక్రోలీటర్లు కొత్త ప్లేటులోకి తీసి, అంతే రియేజెంట్ కలిపి చీకట్లో ఉంచాలి. 490 నానోమీటర్ల రీడింగ్ నుంచి 680 రీడింగ్ తీసేయాలి. నురగ బుడగ ఒక్కటున్నా ఆ వెల్ అంకె తప్పుతుంది, సూదితో గుచ్చేస్తాను. చావు శాతం అంటే నమూనా నుంచి ఏమీ వేయని వెల్ రీడింగ్ తీసేసి, పూర్తిగా పగలగొట్టిన వెల్‌కూ ఏమీ వేయని వెల్‌కూ మధ్య తేడాతో భాగించడం. కొన్నిసార్లు ఇది 120 శాతం అంటుంది. అంటే ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో పగలగొట్టే వెల్‌లను ప్రయోగం మొదట్లోనే పగలగొట్టి ఉంటారు. మీడియంలోకి వచ్చిన ఎల్‌డీహెచ్ గంటలు గడిచేకొద్దీ పాడవుతుంది, సగానికి పడిపోవడానికి దాదాపు 9 గంటలు. కాబట్టి రాత్రంతా సాగే ప్రయోగంలో ట్రైటాన్ చివరి అరగంటలోనే వేయాలి. ట్రైటాన్ వేసినంత పరిమాణంలో మిగతా వెల్‌లకు పీబీఎస్ కలపాలి, లేకపోతే పలచదనాల్లో తేడా వచ్చేస్తుంది.

ఇంత చేశాక వచ్చిన అంకె చెప్పేది ఒక్కటే: పొర పగిలింది. ఎందుకు పగిలిందో చెప్పదు. ఎల్‌డీహెచ్ నాలుగు ముక్కల ప్రోటీన్, 140 కిలోడాల్టన్లు. కాస్పేస్‌లు కోశాక గాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్ పొరలో వేసే రంధ్రంలోంచి 17 కిలోడాల్టన్ల ఐఎల్-1బీటా అనే వాపు సంకేతం జారిపోతుంది, ఎల్‌డీహెచ్ పట్టదు. అది బయటపడాలంటే పొరంతా చిరగాలి, ఆ పని ఎన్‌ఐఎన్‌జే1 అనే ప్రోటీన్‌ది అని 2021లో తేలింది. మీడియంలో 5 మిల్లీమోలార్ గ్లైసిన్ కలిపి చూడండి. ఎల్‌డీహెచ్ పడిపోతుంది, ప్రొపిడియం అయోడైడ్ (పొరకు రంధ్రం పడితేనే లోపలికి పోయే చిన్న రంగు) మాత్రం కణంలోకి పోతూనే ఉంటుంది. అంటే రంధ్రం పడింది, చిరుగు పడలేదు. అందుకే ఒకే రోజు, ఒకే కణాల్లో రెండూ కొలుస్తాను. ఫినాల్ రెడ్ లేని మీడియంలో ప్రొపిడియం అయోడైడ్ వేసి ప్లేట్ రీడర్‌ను 37 డిగ్రీల దగ్గర ఉంచి, 5 నిమిషాలకో రీడింగ్ తీస్తే రంధ్రం ఎప్పుడు పడిందో గీతలోనే కనిపిస్తుంది. ఎపాప్టోసిస్‌ను పట్టడానికి వాడే అనెక్సిన్-వీ ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, రంధ్రంలోంచి లోపలికి పోయి పొర లోపలి వైపునే రంగు పట్టిస్తుంది.

ఇక నిరోధకాలు. కాస్పేస్‌లను ఆపితే పైరోప్టోసిస్ ఆగుతుందన్న లెక్కతో ఎల్‌పీఎస్ తిన్న మాక్రోఫేజ్‌లకు కాస్పేస్ నిరోధకం జెడ్‌వాడ్ 20 మైక్రోమోలార్ వేసి కొన్ని గంటలు వదిలేస్తే, చావు తగ్గకపోగా పెరుగుతుంది. కాస్పేస్-8 కూడా ఆగిపోవడంతో ఆర్‌ఐపీకే3, ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్ల దారి తెరుచుకుని కణాలు నెక్రోప్టోసిస్‌తో (పొర పగిలే మరో రకం చావు) పోతాయి. ఎల్‌డీహెచ్ ఈ రెండు చావులకూ ఒకేలా పెరుగుతుంది. జెడ్‌వాడ్ వేసేటట్టయితే పక్కన నెక్రోప్టోసిస్‌ను ఆపే నెక్రోస్టాటిన్-1ఎస్ ఉన్న వెల్‌లు తప్పక పెట్టాలి. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఒక్కదాన్నే ఆపాలంటే ఎంసీసీ950 ఎంతో శుభ్రమైన మందు. కానీ దాన్ని నిజెరిసిన్‌కు అరగంట ముందు వేయాలి, తర్వాత కాదు.

చివరి మాట వెస్టర్న్ బ్లాట్‌ది, అంటే ప్రోటీన్లను సైజును బట్టి జెల్‌లో విడదీసి గీతలుగా చూపే పరీక్షది. గాస్‌డెర్మిన్-డి 53 కిలోడాల్టన్ల దగ్గర ఉంటుంది, ఎలుకలో 276వ ఆస్పార్టేట్ దగ్గర తెగితే 30 చుట్టుపక్కల గీత వస్తుంది. 43 దగ్గర గీత వస్తే సంబరపడకండి. అది కాస్పేస్-3 వేరేచోట కోసిన ముక్క, రంధ్రం వేయలేదు, ఎపాప్టోసిస్‌కు గుర్తు. కణాలను మాత్రమే జెల్‌లో నడిపితే బయటికి కారిపోయిన ముక్కలన్నీ పారబోసిన మీడియంతో పోతాయి. మీడియంలోని ప్రోటీన్లను మెథనాల్-క్లోరోఫామ్‌తో దింపి, అదే వెల్ కణాల లైసేట్‌తో కలిపి నడపాలి. సీరం ఉంటే అల్బుమిన్ ముద్ద 66 దగ్గర పేరుకుని, కిందున్న 53 గీతను కూడా వంకర చేస్తుంది.

ఎలుకల వంశం కూడా చూసుకోవాలి. మొదట్లో తయారైన కాస్పేస్-1 నాకౌట్ (ఆ జన్యువును చెడగొట్టిన) ఎలుకల్లో కాస్పేస్-11 కూడా పనిచేయదని 2011లో బయటపడింది. వాటిని 129 జాతి మూలకణాలతో చేశారు, ఆ జాతిలో కాస్పేస్-11 జన్యువు ముందునుంచే చెడిపోయి ఉంది. రెండు జన్యువులూ పక్కపక్కనే ఉండటంతో ఎన్ని తరాలు మామూలుగా వాడే బ్లాక్6 జాతితో కలిపినా విడిపోలేదు. పంజరం మీది కార్డులో 'కాస్పేస్-1 నాకౌట్' అని మాత్రమే ఉంటే నేను నమ్మను. కాస్పేస్-11 జన్యువులో ఏడో ఎగ్జాన్ అంచున లోపించేవి 5 బేసులే, మామూలు అగరోజ్ జెల్‌లో ఆ తేడా విడిపోదు. పీసీఆర్ ముక్కను సీక్వెన్సింగ్‌కు పంపాల్సిందే.