సంతకం లేని ఫైలు

"మీ దేశంలో ఇవన్నీ బుర్రలోనే దాచుకుంటారా?" అన్నాడు మా టీమ్ లీడ్, నేను కొలిచిపెట్టిన కెమెరా అంకెల ఫైలు పోయిందని తెలిసి. జర్మనీలో, సోమవారం పొద్దున్న మీటింగులో, అందరి ముందూ. నవ్వుతూనే అన్నాడు లెండి. ఆ నవ్వే మండించింది.

సంగతి చెబుతాను, ఎవరిది న్యాయమో మీరే చూడండి. గోడౌన్లో పెట్టెలు ఎత్తే రోబోకి కెమెరాలుంటాయి. ఏ లెన్సూ లోకాన్ని ఉన్నదున్నట్టు చూపించదు. తిన్నటి గీత కూడా అంచులకొచ్చేసరికి వంగిపోతుంది. ఎంత వంగుతోందో కొలిచి ఆ అంకెలు రోబోకి ఇస్తే, అది లెక్క సరిచేసుకుని పెట్టె ఎక్కడుందో తెలుసుకుంటుంది. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. కొలిచే పద్ధతి జెంగ్‌యూ జాంగ్ అనే చైనా ఆయనది, 2000లో అచ్చయింది. ఆయన ఫ్రాన్సులో చాలాకాలం చేసి, తర్వాత అమెరికాలో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకి వెళ్ళాడు. ఆయనా మనలాగే పరాయిచోట పనిచేసినవాడే.

పని చూస్తే నవ్వొస్తుంది. నలుపూ తెలుపూ గళ్ళు అచ్చేసిన కాగితాన్ని వంపు లేని పలక మీద అతికించి, కెమెరా ముందు పట్టుకుని తిప్పాలి. కుడికీ ఎడమకీ, పైకీ కిందకీ, దగ్గరకీ దూరానికీ, ఆపైన ఏటవాలుగా. తెర మీద నాలుగు గీతలుంటాయి, ఒక్కోటీ పచ్చబడాలి. కొత్తవాళ్ళంతా తడబడే చోటొకటుంది. 8 బై 6 బోర్డు అంటే గళ్ళు కాదు, గళ్ళు కలిసే లోపలి మూలలు. గళ్ళు లెక్కపెడితే 9 బై 7 వస్తాయి. గడి కొలత కూడా స్కేలు పెట్టి చూసుకోవాల్సిందే. ప్రింటరు కాగితానికి సరిపెట్టేశానంటూ బొమ్మని కుదించేస్తుంది, అది మనకి చెప్పదు.

అంతా పచ్చబడ్డాక క్యాలిబ్రేట్ నొక్కాలి. తర్వాత రెండు బటన్లు, సేవ్, కమిట్. రాస్ అనే రోబో సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేవాళ్ళకి ఈ రెండిటి సంగతీ తెలుసు. సేవ్ నొక్కితే ఫొటోలూ అంకెలూ కట్టగట్టి టెంప్ ఫోల్డర్లో పడేస్తుంది. చాలా కంప్యూటర్లలో ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఆ ఫోల్డరు ఖాళీ. దానికి సేవ్ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో! కమిట్ నొక్కితే అంకెలు కెమెరా డ్రైవర్‌కి, అంటే కెమెరాని నడిపే ప్రోగ్రాముకి, వెళ్తాయి. అది కంప్యూటర్లో హోమ్ అనే చోట దాగున్న ఒక ఫోల్డర్లో, కెమెరా పేరు మీద యామల్ అనే రకం టెక్స్ట్ ఫైలు రాసుకుంటుంది.

నేను రెండూ నొక్కాను. లెక్క ప్రకారం మూల ఉండాల్సిన చోటుకీ, ఫొటోలో కనబడ్డ చోటుకీ తేడా సగటున పావు పిక్సెల్, అంటే ఫొటోలో ఒక చుక్కలో పావు వంతు, కూడా లేదు. తర్వాత ఎవరో ఆ కంప్యూటరుకి డిస్కు మార్చారు, పాతదాంతోపాటు ఫైలూ పోయింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడ దాచమందో అక్కడే దాచాను. డిస్కు మార్చినవాణ్ణి వదిలేసి నన్ను, నన్నొదిలేసి నా దేశాన్ని అనడం ఏం మర్యాదండీ?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అనాల్సిన జవాబులన్నీ అప్పుడు తోచాయి. బుర్రలో దాచుకుంటే మా డెల్టా ఉండేదా బాబూ? కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన నాటినుంచీ మా బతుకంతా అంకెల మీదే నడుస్తోంది. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులంటే వరదకి మొదటి హెచ్చరిక. 13.75 రెండోది, 17.75 మూడోది. మా లంకల్లో బడికెళ్ళని ముసలమ్మని అడిగినా ఈ మూడూ తడుముకోకుండా చెబుతుంది. నీటిమట్టం కొలిచే గేజీ మీద అడుగులు చూసి ఎన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నాయో లెక్కకడతారు. పది లక్షలంటే మొదటి హెచ్చరిక, పదిహేడంటే మూడోది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షలు వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. గోదావరిని పట్టుకుని క్యాలిబ్రేట్ చేసినవాళ్ళం, నీ కెమెరా మాకో లెక్కా! ఇలా జర్మన్‌లో అనేంత భాష నాకింకా రాలేదు. వచ్చినా అనేవాణ్ణి కాదేమో.

సంక్రాంతికి ఊరొచ్చాను. మా పెదనాన్న పి. గన్నవరంలో, కాలవని నది మీదుగా దాటించే అక్విడెక్టు దగ్గర, కాలవ చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యాడు. నా గోడంతా విని, నావైపు మాట్లాడతాడనుకుంటే, చుట్ట పక్కన పెట్టి, "ఆయనడిగిందాంట్లో తప్పేవుందిరా అబ్బాయ్?" అన్నాడు.

"అది కాదు పెదనాన్నా, మన దేశాన్ని..."

"దేశం సంగతి తర్వాత చూద్దాం. పుస్తకం పోతే రెండో పుస్తకం ఎక్కడుందని అడుగుతారు గదా. మా గేజీ రీడింగు మా రిజిస్టర్లో ఎక్కేది, సెక్షన్ ఆఫీసులో ఇంకోదాంట్లో ఎక్కేది. ఒకటి తడిసినా ఇంకోటుండేది. ఏదీ, నీ ఫైలు చూపించు."

అరుగు మీదే లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఇంగ్లీషు అంతంతమాత్రం గానీ అంకెలంటే ఆయనకి భయం లేదు. వెడల్పు, ఎత్తు, కెమెరా పేరు, తొమ్మిది అంకెల పట్టీ, వంపు లెక్కకి అయిదు అంకెలు, మళ్ళీ తొమ్మిది, మళ్ళీ పన్నెండు. కిందదాకా చూసి మళ్ళీ పైకొచ్చాడు.

"తారీకేదిరా?"

లేదు.

"ఎవరు కొలిచారో?"

అదీ లేదు. ఏ లెన్సు పెట్టి, ఫోకస్ ఎక్కడ బిగించి తీశామో కూడా ఉండదు. ఫోకస్ కాస్త కదిలినా ఈ అంకెలు పనికిరావు. ఫైల్లో పేరూ కెమెరా పేరూ కలవకపోయినా సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక ముక్క చెప్పి, అవే అంకెలు వాడేసుకుంటుంది.

"టైమూ, మట్టం, సంతకం మూడూ లేకపోతే మా అసిస్టెంట్ ఇంజినీరు గారు పేజీ తిప్పనిచ్చేవాడు కాదు. ఇదేం రిజిస్టర్రా, గాలికి రాసినట్టు?"

ఆ మాటకి నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను. పాపపు సంతోషమే, ఒప్పుకుంటాను. ప్రపంచంలో సగం రోబోలు వాడే ఫైలు మా కాలవ గేజీ పుస్తకం ముందు నిలవలేకపోయింది! సగం అన్నది నా పౌరుషం, లెక్క కాదు.

టీమ్ లీడ్ గురించి ఇంకో ముక్క చెప్పకపోతే అన్యాయం. ఆ సోమవారం సాయంత్రం అందరూ ఇళ్ళకెళ్ళిపోయాక ఆయన కోటు విప్పి వచ్చి, గళ్ళ బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. నేను తెర చూస్తూ కుడికి, ఇంకాస్త కిందకి అంటుంటే చెప్పినట్టల్లా తిప్పాడు. మాటల్లేవు, క్షమాపణా లేదు. మన దగ్గరైతే పట్టుకోడానికి నలుగురొచ్చేవారు, ఎలా పట్టుకోవాలో చెప్పడానికి ఇంకో పదిమంది. టీ కూడా వచ్చేది. అక్కడ ఒక్కడే వచ్చాడు, పని అయ్యేదాకా చేతులు దించలేదు. ఆయన మీద కోపం ఎటు పెట్టుకోవాలో ఆ తర్వాత నాకు తెలియలేదు.

ఇది విని పెదనాన్న, "మరి ఆయన సంతకం కూడా పెట్టించాలిరా," అన్నాడు.

తారీకూ పేర్లూ యామల్ ఫైల్లోనే పైన రాయొచ్చు, ముందు హాష్ (#) గుర్తు పెడితే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోదు. కానీ మళ్ళీ కమిట్ నొక్కితే డ్రైవరు ఫైలంతా కొత్తగా రాసేస్తుంది, మన రాతలు ఎగిరిపోతాయి. అందుకని ప్రోగ్రాములన్నీ దాచే చోటే కెమెరాకో కాపీ, దాని పక్కనే వేరే రిజిస్టరు పెడదామనుకుంటున్నాను. తారీకు, కెమెరా నంబరు, లెన్సు, ఫోకస్, ఇమేజ్ సైజు, తేడా ఎన్ని పిక్సెళ్ళు, కొలిచినవాడు, బోర్డు పట్టుకున్నవాడు. చివరి గడి ఎందుకని లీడ్ అడుగుతాడు. మా పెదనాన్న పెట్టమన్నాడని చెబుతాను.